గ్రాంథిక వ్యావహారిక వాదమున హేత్వాభాసములు

గ్రాంథిక వ్యావహారిక వాదము మొదలై నూఱేండ్లు దాఁటినది. ఎవరు గెలిచిరన్న ప్రశ్నకు దినపత్రిక నొకదానిని విప్పి చూచినఁ జాలును, ఉత్తరము దొరకును. ఈ వ్యాసమున నేను విచారింపఁదలఁచినది గెలుపోటములను గాదు. ఆ వాదమున నుభయపక్షములవారును జూపిన హేతువులలో నేవి సద్ధేతువులు, ఏవి హేతువులవలెఁ గానవచ్చుచు హేతువులు గానివి యన్నదే నా ప్రశ్న. ఈ పని యిదివఱకే జరుగవలసినది. తర్కసంగ్రహమును రచించిన యన్నంభట్టు మన యాంధ్రుఁడు. ఆ చిన్నపొత్తమును వల్లెవేయని పండితుఁడు మనలో నరుదు. అట్టి మనము కొండమీఁది పొగనుగూర్చి హేత్వాభాసముల నెన్నియైనఁ జూపుదుము గాని, మన నోటి మాటనుగూర్చి కలహము వచ్చినప్పు డా పొత్తమును గూటిలోనే యుంచితిమి. ఏటేట ఆగస్టు 29వ తేదిని, గిడుగు రామమూర్తి పంతులవారి జన్మదినమున, పాఠశాలలలోఁ దెలుఁగుభాషాదినోత్సవము జరుగును. ఆనాఁడు బాలురు విజేతల సిద్ధాంతమును వల్లింతురు. హేతువును వా రడుగరు, మనము చెప్పము. ఓడినవారి పక్షమునఁ బుట్టి పెరిగిన మనమో, పాత హేతువులనే నిట్టూర్పుతోఁ జెప్పికొందుము. సద్ధేతువు లసద్ధేతువులతోఁ గలిసి యొక్క మూటలోఁ గట్టఁబడియున్నవి.

మొదట నొక దృష్టాంతము. మా చందర్లపాటి ప్రాంతమునఁ బుష్యమాసమునఁ దెల్లవాఱుజామునఁ గృష్ణకుఁ బోయినచో నీటిమీఁద నావిరి లేచుచుండును. దూరమునుండి చూచినవానికి లంకలో నెవరో చెత్త తగులఁబెట్టుచున్నారని తోఁచును. అది పొగ కాదు. పొగయని నిశ్చయింపకయే యగ్ని ననుమించినవాని హేతువు సందిగ్ధాసిద్ధము. ఆవిరిని బొగగా భ్రమించు నీ యుదాహరణము శాస్త్రగ్రంథములలోఁ బ్రాచీనమే గాని, ఏటియొడ్డువానికి నది గ్రంథములోనిది గాదు. ఇంకొకటి. జగ్గయ్యపేట స్తూపమును 1882లో బర్జెస్సుదొర త్రవ్వించెను. అక్కడి శాసనములలో నొకదానియందు నాగార్జునాచార్యుని శిష్యపరంపరలోనివాఁ డొకఁడు బుద్ధప్రతిమను నిలిపినట్లున్నది. అంతమాత్రమున మాధ్యమికశాస్త్రకర్త యగు నాగార్జునుఁడు మా సీమలోనే మసలెనని సభలలోఁ జెప్పువారి నేను విన్నాను. నామసామ్యము వ్యక్త్యైక్యమునకు హేతువు గాదు; ఆ పేరు గలవారు పలువురుండవచ్చును. స్వదేశాభిమాన మీ హేతువును మింగించును గాని జీర్ణింపఁజేయఁజాలదు. భాషావాదమున నభిమాన మింతకంటెఁ బ్రబలము.

కథను సంక్షేపింతును. ఉత్తరపు జిల్లాలలోఁ బాఠశాలల పరీక్షాధికారిగా నుండిన యేట్సుదొర, జనుల నోట వినఁబడు తెలుఁగునకును బుస్తకములలోని తెలుఁగునకును నింత భేద మేల యని యడుగుటతో వాదమునకు నాంది జరిగెను. పి. టి. శ్రీనివాసయ్యంగారు 1909లో «డెత్ ఆర్ లైఫ్» అను పేరి గ్రంథమును బ్రకటించిరి. 1911లో నాంధ్రసాహిత్యపరిషత్తు వెలసెను. దానికి మూలస్తంభమైన జయంతి రామయ్య పంతులవారు 1913లో గ్రాంథికమును సమర్థించుచు నొక గ్రంథమును, ఆ యేఁటనే రామమూర్తి పంతులవా రాధునికాంధ్రమునుగూర్చి యొక విజ్ఞాపనమును బ్రకటించిరి. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు టుపసంఘమున గ్రాంథికపక్షమే నెగ్గఁగా, గురజాడ అప్పారావుగారు తమ యసమ్మతిపత్రమును విడిగా సమర్పించిరి. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజ మేర్పడెను. పైఁ జెప్పిన గ్రంథము, విజ్ఞాపనము, అసమ్మతిపత్రము మూఁడు నింగ్లీషునందే వ్రాయఁబడినవి. తెలుఁగు నెట్లు వ్రాయవలెనన్న వివాదమునఁ దెలుఁగువా రింగ్లీషున వాదించికొనిరి. తీర్పు చెప్పవలసిన మధ్యస్థులకు భాష రాదు గదా! వాదులు తమలోఁ దాము తత్త్వమును నిర్ణయించుకొనుటకుఁ జేయునది వాదము. మధ్యస్థుని యెదుట గెలుచుటకుఁ జేయునది జల్పము. తన పక్షమును నిలుపక యెదిరిపక్షమును బడఁగొట్టుట మాత్రమే చేయునది వితండ. మన వివాదము తొలినాళ్లనుండియు జల్పమే. జల్పవితండలు నిరుపయోగములని నే ననను. మొలకల చుట్టును ముండ్లకంపవలె నవి తత్త్వమును గాపాడునని గౌతముఁడే యంగీకరించెను. కాని కంప నాటి మొలకను మఱచినవాఁడు కంపనే పండించుకొనును.

ఇఁక ముఖ్యహేతువును విచారింతము. గ్రాంథికపక్షమున మిక్కిలిగా వాడఁబడిన మాట గ్రామ్యము. చిన్నయసూరి తన బాలవ్యాకరణమున (1858) లక్షణముతో విరోధించు భాషకు గ్రామ్యమని పేరు పెట్టెను. ఇది పారిభాషికార్థము. ఆలంకారికులు కావ్యదోషములలో గ్రామ్యత్వమును జెప్పిరి. అది సభ్యుల చెవికి మోటుగా నుండుట. లోకమున గ్రామ్యమనఁగాఁ బల్లెటూరివాని మాట. మూఁడర్థములును వేఱువేఱు. «వచ్చాఁడు అను రూపము గ్రామ్యము, గ్రామ్యము పరిహరింపఁదగినది, అశ్లీలపదమువలె, కావున వచ్చాఁడు పరిహరింపఁదగినది» అని యనుమానము. దీనిని నిలిపి చూడుఁడు. గ్రామ్యమనఁగా మోటుమాట యందుమా, వచ్చాఁడు అనుమాటలో నశ్లీలత యెక్కడనున్నది? ఆ మాటతోనే గురువులు శిష్యులను బిలుచుచున్నారు, తల్లులు బిడ్డలతో మాటాడుచున్నారు. పక్షమున హేతువే లేదు; స్వరూపాసిద్ధి. పోనిండు, గ్రామ్యమనఁగా లక్షణవిరుద్ధ మందుమా, హేతువు పక్షమున నున్నది గాని వ్యాప్తి తెగినది. సూరి లక్షణమునకు లోఁబడని కవిప్రయోగము లెన్నియో యుండుటచేతనే గదా బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లోఁ ద్రిలింగలక్షణశేషమును రచింపవలసివచ్చెను! ఆ ప్రయోగములు సూరి లక్షణమునకు వెలుపలివి, అయ్యుఁ బరిహరింపఁదగినవి గావు. కావున హేతువు సవ్యభిచారము. ఒకవైపున నసిద్ధి, ఒకవైపున వ్యభిచారము. అయినను నీ యనుమానము వేయి సభలలోఁ జెల్లుబాటయ్యెను. వాది యొక యర్థమున మొదలిడి యింకొక యర్థమున ముగించుచుండెను. శ్రోతలకు నడుమ దాఁటిన కాలువ కానరాలేదు. శాస్త్రమున వాక్ఛలమనునది ప్రతివాది వాదిమాటకు నర్థాంతరమును గల్పించి చేయు దోషము. ఇక్కడ వాదియే తన మాటకుఁ దాను జేసికొనెను. దీనికిఁ బేరు వెదకుట కంటె దీనిని గుర్తించుట ముఖ్యము.

అప్పుడు పండితులు వెనుకకుఁ దగ్గి చెప్పిన మాట యిది: లక్షణము శిష్టవ్యవహారమును బట్టి యేర్పడినది, కావున దానిని మీఱుట శిష్టులను మీఱుట. శిష్టు లెవ్వరు? లక్షణము నెఱిఁగి వ్రాయువారు. లక్షణ మేది? శిష్టులు వ్రాయునది. ఈ గానుగచుట్టును మన మెంతకాల మైనఁ దిరుగవచ్చును. వైయాకరణుల కీ యన్యోన్యాశ్రయము క్రొత్తగాదు. పృషోదరాదిసూత్రభాష్యమునఁ బతంజలి యీ శంకనే తానే యెత్తెను. శిష్టత్వము శాస్త్రముచేతఁ దెలియునేని, శాస్త్రమునకు శిష్టులు మూలమగుట యెట్లు? ఆ చక్రమును దెగఁగొట్టుటకై యాతఁడు శిష్టులను వ్యాకరణజ్ఞానముచేతఁ గాక నివాసముచేతను నాచారముచేతను నిర్వచించెను. శాస్త్రము చదువకయే శాస్త్రవిహితములగు శబ్దములను బలుకువానిని జూచి, అష్టాధ్యాయిని జదివినవాఁడు వీఁడు శిష్టుఁడని గుర్తించును; శాస్త్రమునకుఁ బ్రయోజనమదియే యని సమాధానము. పతంజలిని జేతఁ బట్టుకొన్న మన పండితు లీ భాష్యమును సభలలో నేల యుదాహరింపలేదో నాకు మొదట నర్థము గాలేదు. పిదపఁ దెలిసినది. దానిని జదివినచోఁ దెలుఁగున శిష్టు లెవ్వరన్న ప్రశ్నకుఁ బుస్తకమును జూపక మనుష్యులనే చూపవలసివచ్చును; చూపితిమా, వారి నోట వచ్చాఁడు అనియే వినఁబడును. ఆ భాష్యము ప్రతివాది కక్కఱకు వచ్చునదియే గాని మనకుఁ గాదు.

అట్లని వ్యావహారికపక్షమువారు దీనిచే సుఖముగాఁ గూర్చుండుటకు వీలులేదు. వారు శిష్టవ్యావహారికమనిరి. అక్కడను శిష్టశబ్దమున్నది. ఈ విషయమును జివరఁ జెప్పెదను.

రెండవ హేతువు: వాడుకభాషకు నియమము లేదు, జిల్లాజిల్లాకును మాఱును, కావునఁ గావ్యశాస్త్రరచనకుఁ దగదు. ఇందు రెండు హేతువులు కలిసియున్నవి. నియమము లేదన్నది యసిద్ధము. లక్షణగ్రంథము లేకుండుట వేఱు, నియమము లేకుండుట వేఱు. దీనికి దృష్టాంతమును రామమూర్తి పంతులవారే తమ జీవితముచే నిచ్చిరి. పర్లాకిమిడి కొండలలో సవరలకు లిపియు లేదు, గ్రంథమును లేదు, వ్యాకరణమును లేదు. ఆయన యా భాషను నేర్చి, వ్యాకరణమును వ్రాసి, 1931లోఁ బ్రకటించిరి. పిదప నిఘంటువులను గూర్చిరి. నియమము లేనిచో వ్యాకరణము దేనికి వ్రాసిరి? వ్యాకర్త నియమమును జేయఁడు, ఉన్నదానిని గాంచును. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునట్లు మాటలు కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోవఁడని పస్పశాహ్నికమునఁ జదివినవారమే మనము. ఆ వాక్యమును శిష్యులకు నేర్పితిమి, దాని ఫలమును మనము గొనలేదు.

మాఱునన్నది మాత్రము సిద్ధమే. జగ్గయ్యపేట దాఁటి కోదాడ త్రోవను గొంతదూరము పోయినవారికి వచ్చాఁడు అనునది వచ్చిండు అగును. దక్షిణమున సీమకుఁ బోయినచో వచ్చినాఁడు అగును. ఈ హేతువుచేత నిరూపింపఁదగిన సాధ్య మేమి? జిల్లాలన్నింటికిని నొక్క లిఖితరూప మావశ్యకమని. అది సరియే. ఆ రూపము సూరి లక్షణమే కావలెనని మాత్రము దీనిచే సిద్ధింపదు. హేతువు నిరూపించునది యొకటి, వాది కోరినది యింకొకటి. శాస్త్రజ్ఞు లిట్టిదాని నర్థాంతరమను నిగ్రహస్థానమునఁ జేర్తురు.

మన పక్షమున నుత్తమమైన హేతువు వేఱొకటి యుండెను. వేయేండ్ల వాఙ్మయముతోడి సంబంధము తెగఁగూడదనునది. దీనిని మనవారు చెప్పకపోలేదు గాని చెప్పవలసినట్లు చెప్పలేదు. ఈ హేతువుచేఁ బూర్వభాషను జదివి తెలిసికొనుట బాలుర కావశ్యకమని సిద్ధించును. బాలుఁడు తన యింటి సంగతిని గూడ నా భాషలోనే వ్రాయవలెనని సిద్ధింపదు. పఠనము వేఱు, లేఖనము వేఱు. ఈ భేదమును జేసియుండినచో రామమూర్తి పంతులవారితో సంధి కుదిరెడిది, ఏలన నాయన పూర్వకవులను విడువుఁడనలేదు. ఆయన వాదమంతయుఁ బూర్వగ్రంథముల ప్రయోగములతోడనే నడిచినది. గద్యచింతామణిలో నాయన కూర్చినది పాతవచనమే. అట్టివానిని నన్నయను వెడలఁగొట్ట వచ్చినవాఁడని చిత్రించిరి. ప్రతివాది యొక పరిమితమైన మాటను జెప్పఁగా దాని నతివ్యాప్తము చేసి, ఆ యతివ్యాప్తమును ఖండించుటకు సామాన్యచ్ఛలమని పేరు. ఇది గడ్డిబొమ్మను నిలిపి కొట్టుటయే. గడ్డిబొమ్మ నెంత కొట్టినను మనుష్యునికి దెబ్బ తగులదు. ఇరువదియేండ్లలో నా సంగతి తేలిపోయినది.

ఇఁకఁ బుద్గలదూషణములు. యేట్సుదొర పరదేశీయుఁడు, తెలుఁగు రానివాఁడు, కావున నాయన ప్రశ్న యుపేక్షణీయమని యొక వాదము. ప్రశ్న యెవరు వేసిరన్నది ప్రశ్నకు నుత్తరము గాదు. భాష రానివానికే భేదము ముందు కంటఁబడుట సహజము. నీటిలోని చేఁపకు నీరు కానరాదు. ఆయన తీర్పు చెప్పఁ బూనినచో నర్హత నడుగుట న్యాయము. ప్రశ్నించువాని నర్హత యడుగుట న్యాయము గాదు. ఈ రెంటిని మనవారు విభజింపలేదు.

వ్యావహారికపక్షమువారును దీనిలో వెనుకఁబడలేదు. వేదము వేంకటరాయశాస్త్రులవారు ప్రతాపరుద్రీయనాటకమునఁ (1897) జాకలి మొదలగు పాత్రల నోటఁ బాత్రోచితభాషను బెట్టిరి. అట్టివారు గ్రాంథికపక్షమునఁ జేరుట వదతోవ్యాఘాతమని యాక్షేపించిరి. శాస్త్రులవారు నాటకమునఁ బాత్రల మాటను గవి మాటనుండి వేఱుచేసిరి; నాటకమున నీచపాత్రలకుఁ బ్రాకృతమును విధించిన భరతశాస్త్రమే వారికిఁ బ్రమాణము. విషయభేదముండఁగా వ్యాఘాతము లేదు. వారి సిద్ధాంతమును దప్పనవచ్చును, పరస్పరవిరుద్ధ మనరాదు. ఈ యాక్షేపమునకు మనవారు సరియైన యుత్తరము నిచ్చిరి. న్యాయమునకు నది వ్రాయుచున్నాను.

దోషప్రదర్శనమును గూర్చి కొంచెము నిలువవలసియున్నది, ఏలన వాదమునకు నదియే గుండెకాయ. రామమూర్తి పంతులవారు పండితుల రచనలనే తీసికొని, సూరి వ్యాకరణమునకు విరుద్ధములైన ప్రయోగముల నందుండి యేఱి యేఱి చూపిరి. ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజమని గ్రంథమునకుఁ బేరు పెట్టిరి. ఆ పేరు ప్రచారతంత్రమే. వైద్యుఁడు రోగియని చదువరిచే ముందే నవ్వించి పిదపఁ బుటలు విప్పించును. నవ్వినవాఁడు సగము సమ్మతించినవాఁడు. పేరు నటుంచుదము. లోపలి హేతు వెట్టిది? «నీకును దోషమున్నది, కావున నా దోషము దోషము గాదు» అనుటయైనచో నది మతానుజ్ఞ. తన దోషమును దా నొప్పికొని యెదిరికిఁ గూడ నంటఁగట్టుట, నిగ్రహస్థానము. మనవా రట్లే గ్రహించిరి. ఆయన మాట యది గాదు. జీవితమంతయు నీ లక్షణము నభ్యసించినవారికే యిది తప్పకుండ వ్రాయుట సాధ్యము గాకున్న, మూఁడేండ్లు చదివిన బాలున కెట్లు సాధ్యమగునని యాయన ప్రశ్న. ఇది కైముతికన్యాయము. మతానుజ్ఞ గాదు, సహేతుకమైన యనుమానము.

దీనికిఁ బ్రత్యుత్తరము లేకపోలేదు. ఇందొక యుపాధి యున్నది. అగ్నిని జూచి పొగ ననుమించునప్పుడు తడికట్టె యుపాధి యైనట్లు, పండితుల దోషములకు లక్షణముయొక్క సంకోచ ముపాధి. సూరి కవిప్రయోగములను గొన్నింటినే గ్రహించి నియమమును మిక్కిలి బిగించెను. ఆ బిగువుచేఁ బుట్టినవి యా దోషములలోఁ బెక్కులు. లక్షణమును గవిప్రయోగానుగుణముగా విప్పినచో నవి దోషములే కావు. కావున దుస్సాధత్వము గ్రాంథికభాషకుఁ జెందదు, ఒక్క వ్యాకరణమునకే చెందును. ఈ యుత్తరమును జెప్పియుండినచో వాదము వేఱొక త్రోవను బోయెడిది. చెప్పవలెనన్న సూరి లక్షణమును సడలింపవలెను. ఆ పని మనవారి కిష్టము లేకపోయెను. దానికి మాఱుగా రామమూర్తి పంతులవారి గ్రాంథికవాక్యములలోఁ దప్పులు వెదకిరి. మతానుజ్ఞ చేసినవా రెవరో చదువరులే చూడఁగలరు.

దీనిని బరులదోషముగా వ్రాసి తప్పించుకొనుట నాకుఁ దగదు. కొన్నియేండ్లక్రిందట మా ప్రాంతపుఁ బాఠశాల యొకదానిలో భాషాదినోత్సవమునకు నన్నుఁ బిలిచిరి. నాకంటె ముందు మాటాడిన యువకోపాధ్యాయుఁడు, తప్పు వచ్చునన్న భయముచేతఁ బిల్లలు రెండువాక్యములకంటె నెక్కువ వ్రాయుట లేదని, భయము పోయినచో వ్రాయుదురని చెప్పెను. నేను లేచి యాతని యుపన్యాసములో మూఁడు దోషములను జూపితిని. సభ నవ్వెను. చప్పట్లును గొట్టిరి. ఆతఁడు తలవంచుకొని కూర్చుండెను. నే నాతని హేతువున కుత్తరము చెప్పలేదని నాకు నింటికిఁ బోవుత్రోవలోఁ గాని తోఁపలేదు. ఆ యుత్తరము నేఁటికిని నాయొద్ద లేదు.

ఆప్తవాక్యమును గూర్చి. కందుకూరి వీరేశలింగం పంతులవారు తొలినాళ్లలో గ్రాంథికమున నీతిచంద్రిక తరువాయి యగు సంధివిగ్రహములను రచించిరి. 1919లో వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజమున కధ్యక్షులైరి, ఆ యేఁటి మే నెలలోనే పరమపదించిరి. మనవారు పూర్వగ్రంథములను జూపి పంతులవారు మావారనిరి. వారు తుది సంవత్సరమును జూపి మావారనిరి. హేతువునకు సమబలమైన ప్రతిహేతు వెదురుపడినప్పుడు రెండును గుంటుపడును. దీనికి సత్ప్రతిపక్షమని పేరు. మఱియు నాయన ప్రహసనములలో వాడుకమాటను దొలినాళ్లలోనే ప్రయోగించెను; కావున మొదటఁ గేవలగ్రాంథికుఁడు, తుదిఁ గేవలవ్యావహారికుఁ డనుటయే సరిగాదు. మహాపురుషుని మనసు మాఱుట తత్త్వమునకుఁ బ్రమాణము గాదు. మాఱుటకు నాయన చూపిన హేతువులు ప్రమాణము గావచ్చును, గాకపోవచ్చును; వానిని బరీక్షింపవలెను. పరీక్ష శ్రమము. పేరు చెప్పుట సులభము.

శ్రీనివాసయ్యంగారి గ్రంథనామముతో నొక రూపకము వాదమునఁ జొచ్చెను: చావా, బ్రదుకా? అప్పటినుండి గ్రాంథికము మృతభాష, వాడుక జీవద్భాష యని యిరువైపుల వారును మాటాడిరి. భాషకుఁ బ్రాణము లేదు; ఉన్నదనుట యుపచారము. ఉపచారమును ముఖ్యార్థముగాఁ గొని దానినుండి ఫలితములు లాగరాదు. మృతదేహమును ఇంటనుంచుకొనరాదు, గ్రాంథికము మృతభాష, కావున నింట నుంచుకొనరాదు! నవ్వవచ్చును గాని యీ యనుమానము పెక్కు వ్యాసములలో నలంకారపు ముసుఁగు వేసికొని తిరిగినది. రెండుకోటులు మాత్రమే యున్నవని భ్రమింపఁజేయుటయు నా శీర్షిక చేసిన యపకారమే. పఠనమునకు నొకటి, లేఖనమునకు నొకటి యను మూఁడవ కోటి పాఠశాలలలో నూఱేండ్లుగా నడచుచునే యున్నది; పద్యభాగమును జదివి గద్యమున నుత్తరము వ్రాయు విద్యార్థిని జూడుఁడు.

సభలు, తీర్మానములు, సంతకముల విజ్ఞాపనములు ననునవి యుభయపక్షములకును గలవు. వానిలోఁ దర్కమేమియు లేదు గావున వేగముగా సాగెదను. సంతకములు జనుల కోరికకుఁ బ్రమాణము, అంతే. చరకుఁడు విమానస్థానమున సభలను జ్ఞానవతియనియు మూఢయనియు, సుహృత్తనియు నుదాసీనయనియుఁ బ్రతినివిష్టయనియు విభజించి, శాస్త్రము చదువని ప్రతివాదిని దీర్ఘసూత్రపాఠముతో నడఁచివేయవలెనని యుపాయమును గూడఁ జెప్పెను. వైద్యుఁడు గదా, మానవుల నెఱిఁగినవాఁడు. మన సభలలో సూత్రముల నేకరువు పెట్టి యువకుల నోరు మూయించిన సన్నివేశముల కీ గ్రంథమే తొలి సాక్షి.

ఫలితములను జూపి చేసిన వాదములు మిగిలినవి. వాడుకభాష పాఠశాలలోఁ జొచ్చినచో భారతము నర్థముచేసికొనువా రుండరని మనవారనిరి. చొచ్చినచో విద్య వెల్లివిరియునని వారనిరి. నేఁడు రెండును నిజమైనవని చెప్పువారున్నారు. 2011 జనసంఖ్యాగణనమున నవిభక్తాంధ్రప్రదేశమున నక్షరాస్యత నూటికి 67. అది వాడుకభాష ఫలమా? ఆ నడుమ బడులు పెరిగినవి, దారులు పడినవి, బాలికలు బడి మెట్లెక్కిరి. అట్లే తిక్కన పద్యమును వివరింపఁగలవారు తగ్గిరి. అది వాడుకభాష దోషమా? ఇంగ్లీషు చదువు, ఉద్యోగములు, సంస్కృతాంధ్రపాఠశాలలు మూఁతపడుట, ఇవి లేవా? కాకి వాలుట, తాటిపండు పడుట ఒక్క క్షణమున జరిగినంతనే కాకి కారణమనుట కాకతాళీయము. రెండుపక్షములవారును దమకు నచ్చిన పండు పడినప్పుడు తమ కాకిని జూపిరి. అన్వయము మాత్రము చాలదు, వ్యతిరేకము కావలెను. వాడుకభాష రాక విద్య పెరిగిన చోటు, వచ్చియు నది పెరుగని చోటు చూపవలెను. ఎవరును జూపలేదు.

శిష్టశబ్దమును జివరఁ జెప్పెదనంటిని. వ్యావహారికపక్షము గెలిచిన పిదప శిష్టవ్యావహారికమనఁగాఁ గృష్ణాగోదావరీమండలముల చదువరుల మాటయని యాచరణమునఁ దేలెను. వారేల శిష్టులు? వారి భాష పత్రికలలో నున్నది గనుక. పత్రికలలో నేల యున్నది? శిష్టుల భాష గనుక. పతంజలి తెగఁగొట్టిన చక్రము మరలఁ దిరుగ నారంభించెను. వచ్చిండు అనువాని మాటకు గ్రామ్యమని పేరు పెట్టుటకు జంకి, యాస యని పేరు పెట్టిరి. పేరు మాఱినది, అర్థముల నడుమ జాఱుట మాఱలేదు. యాసయనఁగా నుచ్చారణభేదమని మొదలిడి, మోటుతనమని ముగింతురు. ఉచ్చారణభేదమైనచో నందఱికిని గలదు, చందర్లపాటివానికిని గలదు. మోటుతనమైనచో నెవ్వరికిని లేదు. 1913లో రామమూర్తి పంతులవారు మా గురువుల ముందుంచిన ప్రశ్ననే తరువాతితరములలోఁ దెలంగాణపు రచయితలు పంతులవారి శిష్యుల ముందుంచిరి. కాళోజీ నారాయణరావుగారి జన్మదినమగు సెప్టెంబరు 9వ తేదిని దెలంగాణ ప్రభుత్వము భాషాదినోత్సవముగాఁ బ్రకటించినది. ఆగస్టు 29కిని సెప్టెంబరు 9కిని నడుమఁ బదునొకండు దినములు. మా ప్రాంతపుఁ బిల్లలు మొదటిదానిని జరుపుకొందురు. కోదాడ పిల్లలు రెండవదానిని జరుపుకొందురు. వచ్చాఁడు, వచ్చిండు అను రెండును జగ్గయ్యపేట సంతలో నొక్క బేరమునందే వినఁబడును, బేరము చెడుట మాత్రము నేను జూడలేదు.

ద్వితీయాధ్యాయభాష్యమున వైయాకరణునకును సారథికిని జరిగిన సంభాషణ మందఱు నెఱిఁగినదే. సారథి ప్రాజితా యనఁగా వైయాకరణుఁ డది యపశబ్దమనెను. తమకు సూత్రప్రాప్తి తెలియును గాని యిష్టప్రయోగము తెలియదని సారథి బదులు చెప్పెను. భాష్యకారుఁడు సారథి పక్షమునే నిలిపెను. ఈ భాగమును నేను ముప్పదియేండ్లుగాఁ బాఠము చెప్పుచున్నాను. ఈ యేఁడు దానిని జెప్పునప్పుడు, ఆ యువకోపాధ్యాయునకుఁ గబురంపి, వచ్చి వినుమంటిని. ఆతఁడు వచ్చి వెనుక వరుసలోఁ గూర్చుండి, పాఠము ముగిసినపిదప నొక్క ప్రశ్న వేసెను: సారథి మాటను శిష్టప్రయోగముగా నంగీకరించిన భాష్యకారుఁడు, ఆ సారథిని శిష్టులలోఁ జేర్చెనా? నివాసాచారలక్షణముతో దీనిని బొందించుటకు నాకుఁ దోఁచిన త్రోవ లింకను దృఢములు గాలేదు. కైయటనాగేశుల వ్యాఖ్యలను మరలఁ జూచుచున్నాను.